వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్: అయిదేళ్ళు వాడిన ఒక స్టాఫ్ నర్సు సమీక్ష

ఈ పరికరాన్ని నేను 2020 జులైలో గుంటూరు కొత్తపేటలో, మా ఆసుపత్రికి రెండు సందుల అవతల ఉన్న మందుల దుకాణంలో 2,400 రూపాయలకు కొన్నాను. అంతకు ముందు ఏడాది అదే దుకాణంలో ఇలాంటిది వెయ్యి రూపాయల లోపే దొరికేదని తెలిసినా బేరమాడలేదు. ఆ రోజు అద్దాల బీరువాలో మిగిలింది అదొక్కటే, నా వెనుక మరో ఆరుగురు నిలబడి ఉన్నారు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ధరల్లో దొరికేవి పనితనంలో చాలావరకు ఒకేలా ఉంటాయి, పైగా నేను చెప్పదలచుకున్నది కంపెనీ గురించి కాదు. గత నెలలో మా వార్డులో కొత్తగా చేరిన ఒక సిస్టర్, ఇంట్లో ఉంచుకోవడానికి ఆక్సీమీటర్ కొనమంటారా అని నన్ను అడిగింది. అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేకపోయాను. అందుకే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. బట్టల క్లిప్పు ఆకారంలో ఉంటుంది, రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలతో నడుస్తుంది. నల్లటి తెర మీద పైన ఎర్రటి అంకెల్లో శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), కింద నీలం అంకెల్లో పల్సు కనిపిస్తాయి. వేలు తీసిన కొన్ని సెకన్లకు దానంతట అదే ఆరిపోతుంది. ఒక జత బ్యాటరీలు ముప్పై గంటలు వస్తాయని డబ్బా మీద ముద్రించారు. మొదటి నాలుగు నెలల్లో నేను బ్యాటరీలను రెండుసార్లు మార్చవలసి వచ్చింది. తరువాతి నాలుగున్నరేళ్ళలో కూడా మార్చింది రెండుసార్లే. ఇంట్లో ఎవరికీ జ్వరం కూడా రాని ఆ మొదటి నాలుగు నెలల్లో అది అన్ని గంటలు ఎందుకు వెలిగిందన్నదే ఈ సమీక్షలో ముఖ్య విషయం.

కొలతలో దీనికి మంచి మార్కులే వేస్తాను. కొన్న వారంలోనే దీనిని వార్డుకు తీసుకువెళ్ళి, అక్కడి మానిటర్ చూపే అంకెతో పోల్చి చూశాను. తొంభై అయిదుకు పైన ఉన్నప్పుడు రెండింటికీ ఒక అంకెకు మించి తేడా రాలేదు. ఎనభై అయిదుకు దిగువన మాత్రం మూడు నాలుగు అంకెల తేడా కనిపించింది. కాబట్టి ఇంట్లో దీని మీద ఎనభైలలో అంకె కనిపిస్తే అది ఎనభై మూడా, ఎనభై ఏడా అని తర్జనభర్జన పడకుండా వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. ఇలాంటి పరికరాలకు రెండు శాతం అటూ ఇటూ తేడా సహజం. ఉదయం తొంభై ఎనిమిది ఉన్నది మధ్యాహ్నం తొంభై ఆరు అయితే ఊపిరితిత్తులకు ఏదో జరిగినట్టు కాదు. ఈ వాక్యం నాకు నర్సింగ్ చదివే రోజుల నుంచీ తెలుసు. అర్ధరాత్రి ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ తెలిసిన విషయం నాకు ఎందుకు అక్కరకు రాలేదో కింద చెబుతాను.

ఇది పనిచేసే తీరు అర్థమైతే తప్పుడు రీడింగులకు భయపడటం కొంత తగ్గుతుంది. క్లిప్పు పై భాగంలో రెండు చిన్న దీపాలు ఉంటాయి: ఒకటి 660 నానోమీటర్ల ఎర్రటి కాంతి, రెండవది కంటికి కనిపించని 940 నానోమీటర్ల పరారుణ కాంతి. ఆక్సిజన్‌ను మోస్తున్న హీమోగ్లోబిన్ పరారుణ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది; ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ ఎర్రటి కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. వేలిని దాటి అవతలికి చేరిన కాంతిలో ఏది ఎంత మిగిలిందో కింది సెన్సర్ చూస్తుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఆ కాంతిలో వచ్చే హెచ్చుతగ్గులను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, ఎముక, చర్మం పక్కకు తప్పుకొని ధమనిలోని రక్తం కొలత మిగులుతుంది. ఈ ఉపాయం జపాన్ ఇంజినీరు టకువో అవోయాగిది. ఆయన దీనిని 1974లో వెల్లడించారు. ప్రపంచంలో ప్రతి కొవిడ్ వార్డూ ఆయన పరికరాన్ని నమ్ముకుని నడుస్తున్న 2020 ఏప్రిల్ 18న ఆయన కన్నుమూశారు. ఆ వార్త నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజున వార్డులో అందరికీ చెప్పాను.

నాడి మీద ఆధారపడిన కొలత కాబట్టి చల్లబడిన వేలికి, కదులుతున్న చేతికి, రంగు వేసిన గోరుకు ఇది సరైన అంకె చూపకపోవచ్చు. ఆషాఢంలో గోరింటాకు ముదురుగా పండితే ఆ వేలికి కాకుండా రంగు లేని వేలికి పెట్టుకోవడం మంచిది. అయిదు నిమిషాలు స్థిమితంగా కూర్చుని, చేతిని గుండె ఎత్తులో ఆనించి, అంకె నిలకడగా నిలిచేవరకు అర నిమిషమైనా ఆగాలి. చాలామంది పెట్టిన వెంటనే కనిపించే మొదటి అంకె చూసి కంగారుపడతారు. చర్మం రంగు విషయం కూడా గుర్తుంచుకోవాలి. అమెరికాలో 2020 డిసెంబరులో ప్రచురితమైన ఒక పరిశీలనలో, రక్తపరీక్షలో ఆక్సిజన్ తక్కువగా ఉన్నా ఆక్సీమీటర్ బాగానే ఉన్నట్టు చూపించిన సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం కాగా నల్లవారిలో 11.7 శాతమని తేలింది. మనలో ముదురు చామనఛాయ ఉన్నవారు అంకె బాగానే ఉందన్న ధీమాతో ఆయాసాన్ని లెక్కచేయకుండా ఉండకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. కొవిడ్ రోజుల్లో వార్డులో హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు, అంటే షిఫ్టు మారి రోగులను అప్పగించేటప్పుడు, రోగి పేరు కంటే ముందు శాచురేషన్ చెప్పేవాళ్ళం. “ఏడో బెడ్డు, ఆక్సిజన్ మాస్కు మీద తొంభై ఒకటి; తొమ్మిదో బెడ్డు డీసాట్ అవుతోంది (ఆక్సిజన్ పడిపోతోంది), చూసుకో.” ఆరు గంటలు పీపీఈ కిట్టులో, మంచినీళ్ళు తాగకుండా, బాత్రూముకు వెళ్ళకుండా, ఆవిరి పట్టిన కళ్ళద్దాల్లోంచి ఆ అంకెలనే చూసేవాళ్ళం. ఆగస్టులో ఒక రాత్రి మా వార్డుకు యాభై ఏళ్ళ మిర్చి రైతు ఒకాయన వచ్చారు. శీతల గిడ్డంగిలో ఉన్న తన మిర్చి టిక్కీల గురించి కొడుకుతో ఫోనులో మాట్లాడుతూనే వేలు అందించారు. డెబ్భై ఎనిమిది చూపించింది. పరికరం చెడిపోయిందనుకుని వేలు మార్చాను, తరువాత పరికరం కూడా మార్చాను, డెబ్భై ఎనిమిదే. ఆయన నవ్వి, “నాకేం లేదమ్మా, ఆయాసం కూడా లేదు” అన్నారు. మరుసటి రాత్రికి ఆయన వెంటిలేటర్ మీద ఉన్నారు. మూడో రోజు నేను డ్యూటీకి వెళ్ళేసరికి ఆ మంచం మీద దుప్పటి మార్చి ఉంది.

ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోయే ఈ స్థితిని డాక్టర్లు హ్యాపీ హైపాక్సియా అనేవారు. బయటివారికి అది ఒక వైద్యపదం. మాకు మాత్రం అది ఒంటి మీద నమ్మకాన్ని తీసేసింది. మామూలు రోజుల్లో మనిషి తాను బాగున్నానో లేదో తన శరీరాన్ని అడిగి తెలుసుకుంటాడు. ఊపిరి హాయిగా ఆడుతుంటే బాగున్నట్టే. బాగున్నానని చెప్పిన మనిషి శాచురేషన్ డెబ్భై ఎనిమిది అని కళ్ళారా చూశాక, బాగున్నట్టు అనిపించడం అనేదానికి నా దగ్గర విలువ లేకుండా పోయింది. ఇక మిగిలిన సాక్షి ఈ క్లిప్పు ఒక్కటే. వైద్యసిబ్బందికి రోగాల గురించి తెలుసు కనుక భయం తక్కువ ఉంటుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది తలకిందులైంది; మా భయం మేము చూసినదాని నుంచి పుట్టింది, కాబట్టి ధైర్యం చెప్పే మాటలు దానిని తాకేవి కావు.

మావారు, బాబు, అత్తయ్య కింద ఇంట్లో ఉండేవారు; నేను మేడ మీద గదిలో ఉండేదాన్ని. డ్యూటీ నుంచి వచ్చి, మెట్ల దగ్గర బకెట్లో సర్ఫు నీళ్ళలో బట్టలు ముంచి, తలస్నానం చేసి పైకి వెళ్ళేదాన్ని. అత్తయ్య అన్నం గిన్నె మెట్టు మీద పెట్టి నాలుగు మెట్లు దిగి నిలబడి తిన్నానో లేదో చూసేది. నాకు జబ్బు వస్తుందన్న భయం కంటే, వచ్చి తెలియక ఆ గిన్నె మీదుగా కిందికి చేరుతుందన్న భయం ఎక్కువ. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేది. చీకట్లో దిండు కింద నుంచి క్లిప్పు తీసి వేలికి పెట్టుకునేదాన్ని. తొంభై ఎనిమిది. హమ్మయ్య అనుకునేలోపు కింది నీలం అంకె మీదికి చూపు పోయేది: నూట పద్దెనిమిది. గుండె ఎందుకు ఇంత వేగంగా కొట్టుకుంటోందన్న ఆలోచనతో అది ఇంకా పెరిగేది. పెరుగుతున్న అంకెను చూస్తూ ఉంటే ఛాతీ బిగుసుకునేది, ఊపిరి అందడం లేదనిపించేది, మళ్ళీ పై అంకె చూసేదాన్ని. తొంభై తొమ్మిది. ఆందోళనతో వేగంగా ఊపిరి తీసే మనిషికి శాచురేషన్ తగ్గదని నర్సుగా నాకు తెలుసు. ఊపిరి ఆడడం లేదనిపిస్తూ, నడిచినా అంకె తొంభై తొమ్మిది దగ్గరే నిలబడితే, అది చాలావరకు భయం వల్ల వచ్చిన ఆయాసమే. ఆ ఒక్క తేడా చెప్పగలగడం ఈ పరికరానికి ఉన్న గొప్ప సుగుణం. ఆ తేడా చెప్పాక కూడా నేను దానిని కింద పెట్టలేకపోయాను, అది దాని లోపం కాదు.

ఈ నమూనాలో నిజమైన లోపం ఒకటుంది: నాడి కొట్టినప్పుడల్లా బీప్ అంటుంది, ఆ శబ్దాన్ని ఆపే మీట లేదు. వార్డు మానిటర్ శబ్దం, ఇంట్లో దీని శబ్దం ఒకటే. రోజంతా ఐసీయూలో ఆ శబ్దం విని వచ్చినవారికి పడకగదిలో కూడా అదే వినిపించడం ఎంత హింసో అనుభవించినవారికే తెలుస్తుంది. కొనేవారు శబ్దం ఆపుకునే వీలున్నదే అడిగి కొనండి. తయారీదారులు దీనిని చిన్న విషయం అనుకోకూడదు.

సెప్టెంబరులో ఒక సహోద్యోగి బలవంతం మీద మానసిక వైద్యుడొకరితో ఫోనులో మాట్లాడాను. ఆయన నాతో జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టిక నింపించారు. గత రెండు వారాల్లో ఎంత తరచుగా కంగారు పడ్డాం, చింతను ఆపుకోలేకపోయాం, కుదురుగా కూర్చోలేకపోయాం అని అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు, మొత్తం ఇరవై ఒకటి. పదిహేను గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రమైన ఆందోళన కింద లెక్క. నాకు పదహారు వచ్చింది. తరువాత ఆయన, ఆక్సీమీటర్ పెట్టుకున్న ప్రతిసారీ ఒక కాగితం మీద గీత గీయమన్నారు. మొదటి రోజు సాయంత్రానికి లెక్కపెడితే నలభై మూడు గీతలు ఉన్నాయి. నేను పదిహేను దాకా అనుకున్నాను.

చూసుకున్న ప్రతిసారీ పది నిమిషాల ఊరట దొరుకుతుందనీ, ఆ ఊరట పరికరం వల్లే వచ్చిందని మనసు నేర్చుకుంటుందనీ, అందువల్ల పదకొండో నిమిషంలో భయం మునుపటికంటే బలంగా తిరిగి వస్తుందనీ ఆయన విడమరచి చెప్పారు. పూర్తిగా మానేయమనలేదు, వైరస్ ఉన్న చోట పనిచేసే మనిషికి ఆ మాట చెప్పడం న్యాయం కాదన్నారు. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి మాత్రమే చూసి, సమయంతో సహా పుస్తకంలో రాయమన్నారు. జ్వరం గానీ, మెట్లు ఎక్కితే ఆయాసం గానీ ఉంటే అప్పుడు అదనంగా చూడవచ్చు. పల్సు చూపే కింది అంకె మీద మైక్రోపోర్ ప్లాస్టర్ ముక్క అంటించమన్నారు. పరికరాన్ని నా దగ్గర కాకుండా ఇంకొకరి దగ్గర ఉంచమన్నారు.

అత్తయ్య దానిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఖాళీ పోపుల పెట్టెలో పెట్టింది. వేళకు మెట్ల మీద పెట్టి వెళ్ళేది, నేను శానిటైజర్‌తో తుడిచి తిరిగి పెడితే తీసుకువెళ్ళేది. మొదటి వారం నాలుగైదుసార్లు పైనుంచి పిలిచి అడిగాను. “ఇందాకే చూసుకున్నావు గదమ్మాయ్, తొమ్మిదింటికి ఇస్తాలే, పడుకో” అనేది. ఒక రాత్రి ఏడ్చి అడిగినా ఇవ్వలేదు. మెట్ల కింద కుర్చీ వేసుకుని నేను నిద్రపోయేదాకా అక్కడే కూర్చుంది. మూడో వారానికి రాత్రి మెలకువ వచ్చినా చేయి దిండు కిందికి పోవడం తగ్గింది. నవంబరుకు పట్టిక మళ్ళీ నింపితే ఎనిమిది వచ్చింది.

ఇది నా ఒక్కదాని బలహీనత అనుకుని నెలల తరబడి సిగ్గుపడ్డాను. చైనాలో 34 ఆసుపత్రుల నుంచి 1,257 మంది వైద్యసిబ్బందిని పరిశీలించి 2020 మార్చిలో ప్రచురించిన అధ్యయనంలో 44.6 శాతం మందిలో ఆందోళన లక్షణాలు కనిపించాయి. నర్సుల్లో, మహిళల్లో, రోగుల దగ్గర నేరుగా పనిచేసేవారిలో తీవ్రత ఎక్కువ. అదే ఏడాది 13 అధ్యయనాలను, 33,062 మందిని కలిపి చూసిన మరో విశ్లేషణలో అది 23.2 శాతంగా తేలింది. 2020 జనవరి నుంచి 2021 మే వరకు కొవిడ్‌తో మరణించిన ఆరోగ్య కార్యకర్తలు 80,000 నుంచి 1,80,000 వరకు ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మేము భయపడటానికి కారణాలు ఉన్నాయి. నేను అప్పట్లో పనిచేసిన ఆసుపత్రిలో ఉష్ణోగ్రత రోజూ చూశారు, శాచురేషన్ రోజూ చూశారు. నిద్ర పడుతోందా అని ఒక్కరోజు కూడా ఎవరూ అడగలేదు. ఈ మాట రాయకుండా ఈ సమీక్ష పూర్తి చేయలేను.

ఇంత చెప్పాక ఇది పనికిరాని వస్తువని ఎవరూ అనుకోకూడదు. 2021 మే నెలలో, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా ఆగి పదకొండు మంది చనిపోయిన ఆ వారంలోనే, అత్తయ్యకు కొవిడ్ వచ్చింది. అప్పుడు ఆమెకు అరవై ఆరేళ్ళు. ఆరో రోజు ఉదయం కూర్చుని చూస్తే తొంభై అయిదు. ఆయాసం లేదు, దగ్గు కూడా తగ్గింది. ఆరు నిమిషాలు హాల్లో నడిపించి చూశాను. తొంభై చూపించింది. వేలు మార్చినా తొంభైయే. “నాకు బాగానే ఉందమ్మాయ్” అంది. ఆ మాట వినగానే మిర్చి రైతు గొంతు గుర్తుకు వచ్చింది, ఇక ఆలోచించలేదు. సాయంత్రానికి మంచం దొరికింది. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికి వచ్చింది. ఆ రోజు ఈ క్లిప్పు ఇంట్లో లేకపోతే ఇంకో రెండు రోజులు ఆగేవాళ్ళం. నడిచాక మూడు అంకెలకు పైగా పడిపోయినా, తొంభై నాలుగు కంటే తగ్గినా ఆసుపత్రికి వెళ్ళాలన్న నియమం ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

ధర విషయానికి వస్తే, 2021 జులై 20న కేంద్రం ఆక్సీమీటర్లతో పాటు మరో నాలుగు పరికరాల మీద వ్యాపార లాభాన్ని 70 శాతానికి పరిమితం చేసింది. ఇప్పుడు కొనేవారు నాలా 2,400 ఇవ్వవలసిన పనిలేదు. వాడనప్పుడు బ్యాటరీలు తీసి ఉంచండి. నాది ఒకసారి కారి స్ప్రింగు తుప్పు పట్టింది, సాన పట్టి బాగుచేసుకున్నాను.

కొత్త సిస్టర్‌కు చివరకు నేను చెప్పింది ఇది: అరవై దాటినవారు గానీ, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు గానీ ఇంట్లో ఉంటే కొనుక్కో, శబ్దం ఆగే నమూనా కొను, కొన్న రోజే ఇంట్లో ఇంకొకరి చేతికి ఇచ్చి, ఎప్పుడెప్పుడు ఇవ్వాలో కాగితం మీద రాసి పెట్టు. నీకోసమే కొనుక్కుంటూ, ఇప్పటికే రాత్రులు నిద్ర పట్టకపోతూ ఉంటే, ముందు 14416కు ఫోను చెయ్యి. 2022 అక్టోబరు 10న మొదలైన ఆ టెలీ మానస్ సేవ ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. నేను నలభై మూడు గీతలు గీసిన రోజుల్లో అలాంటి నంబరు నా దగ్గర లేదు.

పరికరానికి అయిదులో నాలుగు ఇస్తున్నాను. శబ్దానికి ఒకటి తగ్గించాను. పరికరం ఇప్పటికీ పోపుల పెట్టెలోనే ఉంది. ప్లాస్టర్ ముక్కను ఏనాడో తీసేశాను గానీ, పల్సు అంకె మీద దాని జిగురు మచ్చ అలాగే ఉంది. తుడిచినా పోలేదు, చదవడానికి అడ్డమేమీ కాదు.